ఫొటో ఎడిటింగ్: నెలనెలా డబ్బు కట్టాలా.. ఫ్రీ సాఫ్ట్‌వేర్ సరిపోతుందా? కొత్త ఫొటోగ్రాఫర్లు ముందే చూసుకోవాల్సినవి ఇవే

పండక్కో, పెళ్లికో కెమెరా పట్టుకుంటే వందల ఫొటోలు తీసేస్తారు. ఇంటికొచ్చి సిస్టమ్‌లో వేసి చూస్తే కొన్ని చీకటిగా, కొన్ని మరీ పసుపుగా కనిపిస్తాయి. అక్కడి నుంచి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కోసం వెతుకులాట మొదలవుతుంది. ఒకరు ఫొటోషాప్ అంటారు, ఇంకొకరు లైట్‌రూమ్ అంటారు. మరొకరు ఏదో లింక్ పంపి ‘క్రాక్ వేసుకో, ఫ్రీ’ అంటారు. సరదాగా ఫొటోలు తీసేవాళ్లకు ఇందులో ఏది మంచిది? జేబుకు భారం కాకుండా ఎలా ఎంచుకోవాలి?

ముఖ్యాంశాలు

- ఫోన్‌తో, జేపెగ్‌లో ఫొటోలు తీసేవాళ్లలో చాలామందికి ఉచిత యాప్‌లే సరిపోతాయి.
- కెమెరా కొన్నవాళ్లకు ఆ కంపెనీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌ని ఉచితంగానే ఇస్తోంది.
- ధర ఒక్కటే చూస్తే సరిపోదు. రేపు ఆ సాఫ్ట్‌వేర్ ఆగిపోతే ఫొటోలు, చేసిన ఎడిట్లు ఏమవుతాయో కూడా చూడాలి.
- క్రాక్ వెర్షన్లు, మోడ్ ఏపీకేలతో డబ్బు మిగలడం మాట అటుంచి బ్యాంక్ ఖాతాకే ముప్పు.

ముందు తేల్చుకోవాల్సింది.. జేపెగ్‌లో తీస్తున్నారా, రాలోనా?

సాఫ్ట్‌వేర్ ఎంపిక ఈ ప్రశ్నతోనే మొదలవ్వాలి. ఫోన్‌లోనైనా కెమెరాలోనైనా మామూలుగా సేవ్ అయ్యేది జేపెగ్ ఫైల్. అంటే కెమెరా తనకు తోచినట్లు రంగులు, వెలుగు సరిచేసి, సైజు కుదించి ఇచ్చిన ఫొటో. ‘రా’ ఫైల్ అలా కాదు. సెన్సర్ పట్టుకున్న సమాచారం దాదాపు మొత్తం అందులో ఉంటుంది. వంటతో పోల్చి చెప్పాలంటే జేపెగ్ వండి వడ్డించిన కూర, రా ఫైల్ తరిగి పెట్టుకున్న కూరగాయలు.

లెక్కల్లో చూస్తే తేడా ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. జేపెగ్ 8 బిట్ ఫైల్. ఒక్కో రంగుకు 256 స్థాయిలు మాత్రమే ఉంటాయి. 12 బిట్ రా ఫైల్‌లో 4,096 స్థాయిలు, 14 బిట్‌లో అయితే 16,384 స్థాయిలు ఉంటాయి. అందుకే చీకట్లో తీసిన జేపెగ్‌ని బాగా వెలిగిస్తే మచ్చలు, చారలు వస్తాయి. అదే రా ఫైల్ అయితే చాలావరకు తట్టుకుంటుంది. కాకపోతే సైజు ఎక్కువ. 24 మెగాపిక్సెల్ కెమెరాలో ఒక్కో రా ఫైల్ సుమారు 25 నుంచి 30 ఎంబీ వరకు ఉంటుంది.

కాబట్టి జేపెగ్ మాత్రమే తీసేవాళ్లకు ఖరీదైన రా ప్రాసెసింగ్ సాఫ్ట్‌వేర్ అవసరం లేదు. రాలో తీయాలనుకునేవాళ్లు మాత్రం తమ కెమెరా మోడల్‌ను సదరు సాఫ్ట్‌వేర్ సపోర్ట్ చేస్తుందో లేదో ముందే చూసుకోవాలి. కెమెరా కొత్త మోడల్ అయితే ఇది మరీ ముఖ్యం.

ఫోన్ చాలనుకునేవాళ్లకు..

ఫోన్‌తో తీసి ఫోన్‌లోనే ఎడిట్ చేసేవాళ్లకు ముందుగా చెప్పాల్సిన పేరు స్నాప్‌సీడ్. 2011లో నిక్ సాఫ్ట్‌వేర్ అనే కంపెనీ దీన్ని తెచ్చింది. 2012లో ఆ కంపెనీని గూగుల్ కొనేసింది. అప్పట్నుంచి ఈ యాప్ ఉచితం. ఫొటోలో ఒక్క చోట మాత్రమే వెలుగు పెంచడం, అడ్డొచ్చిన చిన్న వస్తువును చెరిపేయడం, కర్వ్స్‌తో టోన్ మార్చడం లాంటివన్నీ ఇందులో ఉన్నాయి. చేసిన మార్పుల్లో ఏదో ఒకటి నచ్చకపోతే వెనక్కి వెళ్లి దాన్ని మాత్రమే సరిచేసుకోవచ్చు. డీఎన్‌జీ అనే రకం రా ఫైల్స్‌ని కూడా తెరుస్తుంది.

గూగుల్ ఫొటోస్‌లోనూ ఎడిటింగ్ టూల్స్ ఉన్నాయి. ఒకప్పుడు పిక్సెల్ ఫోన్లకు, డబ్బు కట్టే సబ్‌స్క్రైబర్లకు పరిమితమైన మ్యాజిక్ ఎరేజర్ లాంటివి 2024 మే నుంచి మిగతా యూజర్లకు కూడా ఉచితంగా అందుబాటులోకి వచ్చాయి. అయితే గూగుల్ ఖాతాలో ఉచిత స్టోరేజీ 15 జీబీ మాత్రమే. జీమెయిల్, డ్రైవ్, ఫొటోస్ మూడింటికీ కలిపి అంతే. ఫుల్ క్వాలిటీలో అన్నీ అప్‌లోడ్ చేస్తే అది నిండిపోవడానికి ఎక్కువ కాలం పట్టదు.

ఇక లైట్‌రూమ్ మొబైల్ యాప్‌ను ఉచితంగా వేసుకోవచ్చు. వెలుగు, రంగుల్లాంటి మామూలు సర్దుబాట్లు డబ్బు కట్టకుండానే చేసుకోవచ్చు. ఫొటోలో కొంత భాగాన్నే ఎంచుకుని మార్చే మాస్కింగ్ లాంటి కొన్ని టూల్స్‌కి మాత్రం ప్రీమియం కట్టాలి. చాలామంది ‘ప్రీసెట్ల’ కోసమే ఈ యాప్ వేసుకుంటున్నారు. కానీ ప్రీసెట్ అంటే ఇంకెవరో తమ ఫొటో కోసం పెట్టుకున్న సెట్టింగులే. ఊటీ పొగమంచులో పనిచేసిన ప్రీసెట్ మే నెలలో రాజమండ్రి ఎండలో తీసిన ఫొటోకి సరిపడదు.

కెమెరా కొన్నవాళ్లు మర్చిపోతున్న సాఫ్ట్‌వేర్

వేలకు వేలు పోసి కెమెరా కొన్నవాళ్లలో చాలామందికి తెలియని విషయం ఒకటుంది. రా ఫైల్స్‌ని ఎడిట్ చేసే సాఫ్ట్‌వేర్‌ని కెమెరా కంపెనీలే ఉచితంగా ఇస్తున్నాయి. కెనాన్ వాళ్లకు డిజిటల్ ఫొటో ప్రొఫెషనల్, నికాన్ వాళ్లకు 2021లో వచ్చిన ఎన్‌ఎక్స్ స్టూడియో, సోనీ వాళ్లకు ఇమేజింగ్ ఎడ్జ్ డెస్క్‌టాప్ ఉన్నాయి. ఫ్యూజీఫిల్మ్ ఇచ్చే ఎక్స్ రా స్టూడియో పద్ధతి కాస్త వేరు. కెమెరాను యూఎస్‌బీ కేబుల్‌తో సిస్టమ్‌కి కలిపితే కెమెరాలోని ప్రాసెసరే ఫొటోను తయారుచేసి ఇస్తుంది.

వీటిలో ఉన్న లాభం ఏంటంటే.. కెమెరా తెరపై కనిపించిన రంగులే సిస్టమ్‌లోనూ కనిపిస్తాయి. మైనస్‌లు కూడా ఉన్నాయి. కొన్ని నెమ్మదిగా నడుస్తాయి, లేయర్లు ఉండవు. కెమెరా బ్రాండ్ మార్చితే మళ్లీ మొదటికి రావాల్సిందే. అయినా రా ఎడిటింగ్ అంటే ఏమిటో తెలుసుకోవడానికి ఇవి మంచి దారి. కంపెనీ అధికారిక సైట్ నుంచే డౌన్‌లోడ్ చేసుకోవాలి. కొన్నిసార్లు కెమెరా సీరియల్ నంబర్ అడుగుతుంది కాబట్టి దాన్ని దగ్గర పెట్టుకోవాలి.

పూర్తిగా ఉచితం.. కంప్యూటర్‌లో వాడేవి ఇవీ

గింప్: ఫొటోషాప్‌కి ఉచిత ప్రత్యామ్నాయం అనగానే ముందు వినిపించే పేరు ఇదే. అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీ విద్యార్థులు స్పెన్సర్ కింబాల్, పీటర్ మాటిస్ దీన్ని మొదలుపెట్టారు. 1996లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. లేయర్లు, మాస్కులు, క్లోన్, హీల్ టూల్స్ అన్నీ ఉన్నాయి. 2025 మార్చిలో వచ్చిన 3.0 వెర్షన్‌లో ఫిల్టర్ వేసిన తర్వాత కూడా దాన్ని మళ్లీ తెరిచి మార్చుకునే వీలు కల్పించారు. రా ఫైల్స్‌ని ఇది నేరుగా తెరవలేదు. ఆ పనికి పక్కన డార్క్‌టేబుల్ లేదా రా థెరపీ ఉండాలి.

డార్క్‌టేబుల్: లైట్‌రూమ్ లాంటి పనులు చేసే ఉచిత సాఫ్ట్‌వేర్. వేల ఫొటోలను వరుసలో పెట్టుకోవడం, స్టార్ రేటింగ్ ఇవ్వడం, రా ఫైల్స్‌ని ఎడిట్ చేయడం.. అన్నీ ఒక్క చోటే. ఎక్కువ ఐఎస్ఓలో తీసినప్పుడు వచ్చే గింజలను తగ్గించడానికి ఒక్కో కెమెరా మోడల్‌కి ప్రత్యేకంగా కొలిచిన ప్రొఫైల్స్ కూడా ఇందులో ఉన్నాయి. అయితే నేర్చుకోవడం కష్టమే. తెరవగానే కనిపించే మాడ్యూల్స్ చూసి కొత్తవాళ్లు కంగారు పడతారు. ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, క్రాప్, నాయిస్ తగ్గించడం.. ఈ నాలుగింటితో మొదలుపెడితే నయం.

రా థెరపీ: ఇది కూడా రా ఫైల్స్ కోసమే. ఫొటోల జాబితాను నిర్వహించే ఏర్పాట్లు డార్క్‌టేబుల్ అంత లేవు. ఒక్కో ఫొటోను శ్రద్ధగా ప్రాసెస్ చేసుకునేవాళ్లకు బాగుంటుంది. 2010 నుంచి ఇది ఓపెన్ సోర్స్.

ఫొటోపీ: ఇన్‌స్టాల్ చేయాల్సిన పనే లేదు. బ్రౌజర్‌లో తెరిస్తే చాలు. చూడ్డానికి అచ్చం ఫొటోషాప్‌లా ఉంటుంది, పీఎస్‌డీ ఫైల్స్‌ని కూడా తెరుస్తుంది. ఫొటోలు ఎక్కడికీ అప్‌లోడ్ కావు, పని అంతా యూజర్ సిస్టమ్‌లోనే జరుగుతుంది. ఉచితంగా వాడితే పక్కన ప్రకటనలు కనిపిస్తాయి. ఆఫీస్ సిస్టమ్‌లోనో, నెట్ సెంటర్‌లోనో అర్జెంట్‌గా ఒక ఫొటో సరిచేయాల్సి వస్తే ఇది బాగా పనికొస్తుంది.

అఫినిటీ: బ్రిటన్‌కు చెందిన సెరిఫ్ కంపెనీ 2015లో అఫినిటీ ఫొటో తెచ్చింది. ఒక్కసారి కొంటే చాలు, నెలవారీ చెల్లింపు లేదన్నదే అప్పట్లో దాని ఆకర్షణ. 2024 మార్చిలో సెరిఫ్‌ను కాన్వా కొన్నది. 2025 అక్టోబర్ చివర్లో ఫొటో, డిజైన్, పేజీ లేఅవుట్ మూడింటినీ కలిపి ఒకే అఫినిటీ యాప్‌గా ఉచితం చేసింది. వాడాలంటే కాన్వా ఖాతా ఉండాలి. ఏఐ టూల్స్ కావాలంటే మాత్రం కాన్వా ప్రీమియం కట్టాలి.

డబ్బు కట్టేవి.. ఎప్పుడు కట్టొచ్చు?

లైట్‌రూమ్, ఫొటోషాప్ రెండూ అడోబీ కంపెనీవి. 1990లో ఫొటోషాప్, 2007లో లైట్‌రూమ్ వచ్చాయి. హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియాలో ఇంజినీరింగ్ చదివిన శంతను నారాయణ్ 2007 డిసెంబర్‌లో అడోబీ సీఈఓ అయ్యారు. ఒక్కసారి కొనే డబ్బా సాఫ్ట్‌వేర్ నుంచి నెలవారీ చందాకు ఆ కంపెనీ మారింది ఆయన హయాంలోనే. 2015లో వచ్చిన లైట్‌రూమ్ 6 తర్వాత ఒక్కసారి కొని శాశ్వతంగా వాడుకునే లైట్‌రూమ్ రాలేదు.

వీటి బలం కాదనలేనిది. వందల ఫొటోలను ఒకేసారి సరిచేయడం, ముఖాన్ని, ఆకాశాన్ని దానంతట అదే గుర్తించి ఎంచుకోవడం, ఫోన్‌కి, సిస్టమ్‌కి మధ్య ఎడిట్లు కలిసిపోవడం.. వీటిలో ఉచిత సాఫ్ట్‌వేర్ ఇంకా వెనకే ఉంది. నేర్చుకోవడానికి తెలుగులో కూడా వీడియోలు బోలెడన్ని దొరుకుతాయి. నెలకు రెండు మూడు ఈవెంట్లు తీసి, అంతో ఇంతో సంపాదించేవాళ్లకు మిగిలే సమయమే ఆ ఖర్చును రాబడుతుంది.

సరదాకి తీసేవాళ్ల లెక్క వేరు. ఉదాహరణకు నెలకు రూ.700 అనుకుంటే ఏడాదికి రూ.8,400. ఐదేళ్లకు రూ.42,000. ఆ డబ్బుతో మంచి లెన్స్ ఒకటి, ట్రైపాడ్ ఒకటి వచ్చేస్తాయి. ఫొటో తీసేటప్పుడే బాగా రావడానికి అవి చేసే సాయం ఎక్కువ. పైగా ధరలు, ప్లాన్లు మారుతుంటాయి. చాలామంది అమెచ్యూర్లు తీసుకున్న 20 జీబీ ఫొటోగ్రఫీ ప్లాన్‌ను 2025 జనవరి నుంచి కొత్తవాళ్లకు అడోబీ ఆపేసింది. సైట్‌లో చూపించే ధరలో 18 శాతం జీఎస్టీ కలిసి ఉందో లేదో కూడా చూసుకోవాలి.

మరో ముఖ్యమైన పాయింట్. ‘నెలకు ఇంత’ అని కనిపించే ప్లాన్లు రెండు రకాలు. ఒకటి నిజంగా నెలవారీది. రెండోది ఏడాది ఒప్పందం, కట్టడం మాత్రం నెలనెలా. రెండో దాన్ని మధ్యలో ఆపేస్తే రద్దు ఛార్జీ పడొచ్చు. ఈ ఛార్జీ వివరాలను సరిగ్గా చెప్పడం లేదంటూ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 జూన్‌లో అడోబీపై ఫిర్యాదు దాఖలు చేసింది. ఏ కంపెనీ ప్లాన్ అయినా కార్డు నంబర్ ఇచ్చేముందు ‘ఏడాది’ అన్న పదం ఉందేమో చూడాలి.

మన దేశంలో ఆటో డెబిట్‌పై రిజర్వ్ బ్యాంక్ నిబంధనలు ఉన్నాయి. ఇలాంటి చందా డబ్బు కట్ అవ్వడానికి కనీసం 24 గంటల ముందు మెసేజ్ రావాలి. ఆ మెసేజ్‌ని చూడకుండా వదిలేయడం వల్లే వాడని యాప్‌లకు నెలల తరబడి డబ్బు పోతుంటుంది.

ఫొటోషాప్ ఎలిమెంట్స్ ఒక్కసారి కొంటే ఎప్పటికీ తమదే అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. కానీ 2025 ఎడిషన్ నుంచి అది మూడేళ్ల లైసెన్స్‌గా మారింది. క్యాప్చర్ వన్, డీఎక్స్‌ఓ ఫొటోల్యాబ్ లాంటివి ఇప్పటికీ ఒక్కసారి కొనే లైసెన్స్ ఇస్తున్నా, అమెచ్యూర్లకు వాటి ధర ఎక్కువే.

అసలు చూడాల్సింది ఇది.. ఆగిపోతే ఏం మిగులుతుంది?

ధర కంటే ముఖ్యమైన ఈ ప్రశ్నను చాలామంది వేసుకోరు. గూగుల్ ఉచితంగా ఇచ్చిన పికాసా ఒకప్పుడు ఇంటింటి సిస్టమ్‌లో ఉండేది. 2016లో గూగుల్ దాన్ని ఆపేసింది. నిక్ కలెక్షన్ అనే ఖరీదైన ప్లగిన్ల సెట్‌ను 2016 మార్చిలో గూగుల్ ఉచితం చేసింది. రెండేళ్లు తిరక్కుండానే డీఎక్స్‌ఓకి అమ్మేసింది. తర్వాతి వెర్షన్లకు మళ్లీ డబ్బు కట్టాల్సి వచ్చింది. ఇక ఆపిల్ అపర్చర్‌ను కొన్నవాళ్లు 2014లో కంపెనీ చేతులెత్తేయడంతో ఏళ్ల ఎడిట్లను వేరే చోటికి మార్చుకోవాల్సి వచ్చింది. అంటే ఉచితమైనా, కొన్నదైనా శాశ్వతం అనుకోవడానికి లేదు.

ఎడిట్లు ఎక్కడ సేవ్ అవుతాయో తెలిస్తే నష్టం తగ్గుతుంది. లైట్‌రూమ్ క్లాసిక్ చేసిన మార్పులను క్యాటలాగ్ అనే ఫైల్‌లో రాసుకుంటుంది. చందా ఆగినా అది తెరుచుకుంటుంది, ఫొటోలను చూసుకోవచ్చు, బయటకు తీసుకోవచ్చు. ఎడిటింగ్ జరిగే డెవలప్ విభాగం మాత్రం పనిచేయదు. డార్క్‌టేబుల్ ప్రతి ఫొటో పక్కనే ఎక్స్‌ఎంపీ అనే చిన్న ఫైల్‌ని రాస్తుంది. రా థెరపీ అయితే పీపీ3 ఫైల్ రాస్తుంది. ఒరిజినల్ ఫొటోను ఈ మూడూ ముట్టుకోవు.

కానీ ఒక సాఫ్ట్‌వేర్‌లో చేసిన ఎడిట్లు ఇంకో దాంట్లో యథాతథంగా తెరుచుకోవు. కాబట్టి మంచి ఫొటోలను ఎప్పటికప్పుడు ఫుల్ సైజు జేపెగ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి వేరే ఫోల్డర్‌లో పెట్టుకోవాలి. ఒరిజినల్స్‌ని రెండు చోట్ల దాచాలి. ఒకటి సిస్టమ్‌లో, ఇంకొకటి బయటి హార్డ్ డిస్క్‌లో. ఇలా చేస్తే ఏ కంపెనీ ఏ రోజు ఏ నిర్ణయం తీసుకున్నా పిల్లల చిన్నప్పటి ఫొటోలు పోవు.

పాత సాఫ్ట్‌వేర్ ఉండి కొత్త కెమెరా కొన్నవాళ్లకు ఓ చిట్కా. అడోబీ డీఎన్‌జీ కన్వర్టర్ ఉచితం. కొత్త కెమెరా రా ఫైల్స్‌ని డీఎన్‌జీగా మార్చుకుంటే చాలా పాత వెర్షన్లలోనూ తెరుచుకుంటాయి. దీనికోసమే కొత్త వెర్షన్ కొనాల్సిన పని లేదు.

ఐదు ఫొటోల పరీక్ష

రివ్యూలు చూసి సాఫ్ట్‌వేర్ ఎంచుకోవడం కంటే సొంత ఫొటోలతో పరీక్షించుకోవడం మేలు. ఈ ఐదు రకాలు పెట్టుకుంటే చాలు.

1. రాత్రి పెళ్లి మండపం: ఎల్‌ఈడీ లైట్ల ఊదా రంగు, వీడియో లైట్ తెలుపు, పసుపు పూసిన ముఖాలు.. అన్నీ ఒకే ఫ్రేమ్‌లో ఉంటాయి. వైట్ బ్యాలెన్స్, నాయిస్ తగ్గించడం ఎంత బాగా పనిచేస్తాయో ఇక్కడే తెలిసిపోతుంది. చామనఛాయ ముఖాన్ని దానంతట అదే తెల్లగా మార్చేస్తుంటే ఆ ఆటో సెట్టింగ్ పనికిరాదు.

2. బతుకమ్మ: తంగేడు పసుపు, బంతి నారింజ రంగు త్వరగా కొట్టొచ్చినట్లు అయిపోతాయి. రేకుల గీతలు కనపడవు. ఒక్కో రంగును విడిగా తగ్గించే వీలుందా లేదా చూడాలి.

3. విశాఖ బీచ్‌లో సూర్యోదయం: సముద్రపు గీత వంకరగా ఉంటే నిలబెట్టగలగాలి. ఆకాశం తెల్లగా పోకుండా, ముందున్న మనుషులు చీకటిగా ఉండకుండా రెండు చోట్లా వేరువేరుగా సరిచేయగలగాలి.

4. తాతయ్య పాత బ్లాక్ అండ్ వైట్ ఫొటో: గీతలు, మరకలు చెరపడానికి హీల్, క్లోన్ టూల్స్ కావాలి. ఈ పనికి గింప్ లేదా అఫినిటీ చాలు. ఏఐతో ‘ఒక్క క్లిక్‌లో కొత్తగా’ చేసే యాప్‌లతో జాగ్రత్త. మసకబారిన ముఖం స్థానంలో అవి ఊహించి గీసిన ముఖం పెడతాయి. చూడ్డానికి బాగుంటుంది కానీ అది తాతయ్య ముఖం కాకపోవచ్చు.

5. తెలుగు అక్షరాల ఫొటో: పుట్టినరోజు, గృహప్రవేశం ఫొటోపై తెలుగులో పేరు రాయాలంటే వత్తులు సరిగ్గా రావాలి. ‘స్వాగతం’, ‘శ్రీకృష్ణ’ లాంటి పదాలు టైప్ చేసి చూస్తే తెలిసిపోతుంది. గింప్‌లో యూనికోడ్ తెలుగు సరిగ్గా వస్తుంది. ఫొటోషాప్‌లో వత్తులు విడిపోతుంటే టైప్ సెట్టింగ్స్‌లో ‘వరల్డ్ రెడీ లేఅవుట్’ ఎంచుకోవాలి. మండలి, రామభద్ర, సూరన్న లాంటి తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి.

ఈ ఐదింటిలో తాము నిజంగా తీసే రకం ఏదో దానికి ఎక్కువ మార్కులు వేసుకోవాలి. పక్షుల ఫొటోలు తీసేవాళ్లకు తెలుగు ఫాంట్‌తో పనిలేదు. ఫ్యామిలీ ఫొటోలు తీసేవాళ్లకు అది కావాలి.

సిస్టమ్ తట్టుకుంటుందా?

సాఫ్ట్‌వేర్ ఫ్రీ అయినా దానికోసం లాప్‌టాప్ మార్చాల్సి వస్తే అది చౌక కాదు. లైట్‌రూమ్ క్లాసిక్, ఫొటోషాప్‌లకు కనీసం 8 జీబీ ర్యామ్ కావాలని, 16 జీబీ ఉంటే మంచిదని అడోబీయే చెబుతోంది. డార్క్‌టేబుల్ కూడా గ్రాఫిక్స్ కార్డు ఉంటేనే వేగంగా నడుస్తుంది. పాత లాప్‌టాప్ ఉన్నవాళ్లు గింప్‌తో జేపెగ్‌లు ఎడిట్ చేసుకోవడం, లేదంటే ఫోన్‌లోనే పని కానివ్వడం తెలివైన పని. సాధారణ హార్డ్ డిస్క్‌ను ఎస్‌ఎస్‌డీగా మార్పిస్తే ఫొటోలు తెరుచుకునే వేగం బాగా పెరుగుతుంది.

ప్రింట్ విషయంలో కూడా ఒక లెక్క తెలిసి ఉండాలి. 4×6 ఫొటోకి 300 డీపీఐలో 1,200×1,800 పిక్సెల్స్ చాలు. అంటే రెండు మెగాపిక్సెల్స్ చిల్లర. 12×18 సైజుకి 3,600×5,400 పిక్సెల్స్, అంటే 19 మెగాపిక్సెల్స్ పైనే కావాలి. కలర్ ల్యాబ్‌కి ఇచ్చేటప్పుడు ఎస్ఆర్‌జీబీ జేపెగ్ ఇస్తే సాధారణంగా సరిపోతుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఒరిజినల్ క్వాలిటీ అలాగే ఉంటుంది.

క్రాక్ వెర్షన్.. ‘ఫ్రీ’ కాదు, రిస్క్

అసెంబుల్డ్ సిస్టమ్ కొన్నప్పుడు ‘ఫొటోషాప్ కూడా వేసిస్తాం’ అనే మాట చాలామంది వినే ఉంటారు. ఇప్పుడు అదే పని టెలిగ్రామ్ లింకులు, మోడ్ ఏపీకేలు చేస్తున్నాయి. క్రాక్ పనిచేయాలంటే ముందు యాంటీవైరస్ ఆపేయమని చెబుతారు. అక్కడే ప్రమాదం మొదలవుతుంది. అదే సిస్టమ్‌లో, అదే ఫోన్‌లో బ్యాంక్ యాప్, ఓటీపీలు, ఇంటి ఫొటోలు ఉంటాయన్నది మర్చిపోకూడదు.

చట్టం కూడా ఊరుకోదు. దొంగ కాపీ అని తెలిసీ కంప్యూటర్ ప్రోగ్రామ్ వాడితే కాపీరైట్ చట్టం 1957లోని సెక్షన్ 63బీ ప్రకారం 7 రోజుల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, రూ.50 వేల నుంచి రూ.2 లక్షల వరకు జరిమానా పడొచ్చు. వ్యాపారం కోసం వాడలేదని తేలితే కోర్టు జైలు శిక్ష లేకుండా రూ.50 వేల వరకు జరిమానాతో సరిపెట్టొచ్చు. పెళ్లి ఆర్డర్లు తీసుకుంటూ క్రాక్ వాడేవాళ్లకు ఆ మినహాయింపు కూడా వర్తించదు.

ఉచిత సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్ చేసుకునేటప్పుడూ జాగ్రత్త అవసరం. 2022లో గూగుల్ సెర్చ్‌లో గింప్ పేరుతో కనిపించిన ఓ ప్రకటన నకిలీ సైట్‌కి తీసుకెళ్లింది. అక్కడి ఫైల్‌లో పాస్‌వర్డ్‌లు దొంగిలించే మాల్వేర్ ఉంది. అందుకే సెర్చ్‌లో పైన వచ్చే ప్రకటనపై కాకుండా అధికారిక సైట్ చిరునామా సరిచూసుకుని డౌన్‌లోడ్ చేసుకోవాలి. ఫోన్ యాప్‌ల సంగతీ అంతే. 2020 జూన్‌లో కేంద్రం నిషేధించిన 59 యాప్‌లలో బ్యూటీప్లస్, మీటూ లాంటి ఫొటో యాప్‌లు కూడా ఉన్నాయి. ఫొటో ఎడిటింగ్ యాప్ కాంటాక్ట్స్, ఎస్ఎంఎస్ పర్మిషన్ అడిగితే వెంటనే తీసేయాలి. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబర్‌కి ఫోన్ చేయాలి.

ఎవరికి ఏది?

- ఫోన్‌తో తీసి వాట్సాప్, ఇన్‌స్టాలో పెట్టేవాళ్లకు: స్నాప్‌సీడ్, గూగుల్ ఫొటోస్.
- కొత్తగా కెమెరా కొని రా నేర్చుకుంటున్నవాళ్లకు: కెమెరా కంపెనీ ఇచ్చే సాఫ్ట్‌వేర్. ఆ తర్వాత డార్క్‌టేబుల్ లేదా రా థెరపీ.
- పాత ఫొటోలు బాగుచేయాలి, పోస్టర్లు చేయాలి అనుకునేవాళ్లకు: గింప్ లేదా అఫినిటీ.
- సొంత సిస్టమ్ లేనివాళ్లకు: ఫొటోపీ.
- నెలనెలా వందల ఫొటోలు ఇచ్చి సంపాదిస్తున్నవాళ్లకు: లైట్‌రూమ్. ముందు ఫ్రీ ట్రయల్ వాడి, ప్లాన్ షరతులు చదివాకే డబ్బు కట్టాలి.

తరచూ వచ్చే సందేహాలు

ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఎడిట్ చేసిన ఫొటోలను అమ్ముకోవచ్చా?
గింప్, డార్క్‌టేబుల్, రా థెరపీ లాంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌తో చేసిన ఫొటోలను నిక్షేపంగా అమ్ముకోవచ్చు. వాటి లైసెన్స్‌లో అలాంటి ఆంక్ష లేదు.

ముందు ఉచితంగా మొదలుపెట్టి తర్వాత లైట్‌రూమ్‌కి మారితే నష్టమా?
ఒరిజినల్ రా ఫైల్స్ దాచుకుంటే నష్టం లేదు. పాత ఎడిట్లు మాత్రం అందులోకి రావు. ఎక్స్‌పోర్ట్ చేసిన జేపెగ్‌లు ఉంటాయి. ఎక్స్‌పోజర్, కర్వ్స్, వైట్ బ్యాలెన్స్ గురించి నేర్చుకున్నది ఏ సాఫ్ట్‌వేర్‌కి మారినా పనికొస్తుంది.

ఒకేసారి రెండు మూడు నేర్చుకోవచ్చా?
అలా చేస్తే ఏదీ సరిగ్గా పట్టుబడదు. ఒక్కటి ఎంచుకుని కనీసం మూడు నెలలు వాడాలి. అప్పటికీ ఫలానా పని దీంతో కావడం లేదని కచ్చితంగా చెప్పగలిగితే, అప్పుడు డబ్బు కట్టే సాఫ్ట్‌వేర్ వైపు చూడొచ్చు. ఏ పని కావడం లేదో చెప్పలేకపోతున్నారంటే మాత్రం ఆ ఖర్చుకి ఇంకా టైమ్ రాలేదనే అర్థం.